91.4 పర్సంటైల్ అంటే నూటికి 91 మార్కులా? జేఈఈ స్కోర్‌కార్డు నుంచి అంగన్‌వాడీ చార్టు దాకా 'స్థానం' చెప్పే అంకెలను ఎలా చదవాలి?

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన రోజు రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడుతుంది. అందులో 91.4 అని ఉంటుంది. "నూటికి తొంభై ఒకటా! శభాష్ తల్లీ" అని బాబాయ్ మెసేజ్ పెడతారు. పరీక్ష రాసిన అమ్మాయి మాత్రం ఆ మెసేజ్ చూసి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఆమెది జనరల్ కేటగిరీ. ఆ అంకెతో అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం రావడం కష్టమని ఆమెకు తెలుసు.

బాబాయ్ చదివింది శాతం. స్కోర్‌కార్డులో ఉన్నది పర్సంటైల్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ వంద దగ్గరే ఆగుతాయి. కానీ అవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు.

ఈ తేడా తెలియకుండానే చాలా ఇళ్లలో పెద్ద నిర్ణయాలు జరిగిపోతుంటాయి. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు మరో ఏడాది పంపాలా, వచ్చిన సీటుతో సరిపెట్టుకోవాలా, మేనేజ్‌మెంట్ కోటాకు అప్పు చేయాలా అనేవన్నీ ఆ ఒక్క అంకె మీదే నడుస్తాయి. కాబట్టి అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూద్దాం.

పర్సంటైల్‌ను ఎలా లెక్కిస్తారు?

మీ అమ్మాయి క్లాసులో 40 మంది ఉన్నారనుకోండి. ఆమెకు లెక్కల్లో 52 మార్కులు వచ్చాయి. 52 లేదా అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు, ఆమెను కూడా కలుపుకొని, 33 మంది. 33ను 40తో భాగించి వందతో గుణిస్తే 82.5 వస్తుంది. అదే ఆమె పర్సంటైల్.

ఇప్పుడు పేపర్ సులువుగా వచ్చి అందరికీ తలా 20 మార్కులు పెరిగాయనుకోండి. ఆమె మార్కులు 72 అవుతాయి. పర్సంటైల్ మాత్రం 82.5 దగ్గరే ఉంటుంది. ఎందుకంటే వరసలో ఆమె ముందు, వెనక ఉన్నవాళ్లు మారలేదు.

శాతం చెప్పేది పేపర్‌లో మీరు ఎంత రాశారన్నది. పర్సంటైల్ చెప్పేది ఆ పేపర్ రాసినవాళ్లలో మీరు ఎక్కడున్నారన్నది.

నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) 2019 నుంచి జేఈఈ మెయిన్‌లో ఇదే సూత్రం వాడుతోంది. మీ షిఫ్టులో మీతో సమానంగా గానీ, మీకంటే తక్కువగా గానీ మార్కులు వచ్చినవాళ్ల సంఖ్యను, ఆ షిఫ్టులో పరీక్ష రాసిన మొత్తం సంఖ్యతో భాగించి, వందతో గుణిస్తారు. దాన్నే 'ఎన్‌టీఏ స్కోర్' అంటారు.

ఈ లెక్క ప్రకారం ప్రతి షిఫ్టులో టాపర్‌కు 100 వస్తుంది. ఆ టాపర్‌కు 300కు 300 మార్కులు వచ్చాయో, 285 వచ్చాయో అన్నదానితో దీనికి సంబంధం లేదు. 2024లో ఏకంగా 56 మందికి 100 పర్సంటైల్ ఎలా వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోయారు. వారిలో తెలంగాణ వాళ్లు 15 మంది, ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఏడుగురు. షిఫ్టులు చాలా ఉంటాయి, ఒక్కో షిఫ్టులో టాప్ మార్కు ఒకరి కంటే ఎక్కువ మందికి రావచ్చు కాబట్టి అందులో వింతేమీ లేదు.

స్కోర్‌కార్డులో ఇంకో తికమక కూడా ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌కు విడివిడిగా, మొత్తానికి విడిగా పర్సంటైల్ ఇస్తారు. మూడు సబ్జెక్టుల సగటు తీస్తే మొత్తం పర్సంటైల్ రాదు. మొత్తం మార్కుల వరస వేరు, సబ్జెక్టు వరస వేరు. మూడింటిలోనూ నిలకడగా రాసిన విద్యార్థి మొత్తం పర్సంటైల్, ఆ మూడు అంకెల కంటే ఎక్కువ ఉండటం మామూలే.

ఒక్క పర్సంటైల్ వెనుక ఎంతమంది?

2025లో రెండు సెషన్లలో కలిపి జేఈఈ మెయిన్ పేపర్-1 రాసినవాళ్లు సుమారు 14.75 లక్షల మంది. అంటే ఒక్క పర్సంటైల్ తేడాలో దాదాపు 14,750 మంది ఉంటారు.

ఇక స్థూలంగా లెక్కేయండి. 99 పర్సంటైల్ వచ్చిందంటే ముందు సుమారు 14,750 మంది ఉన్నట్టు. 99.9 వస్తే సుమారు 1,475 మంది. 90 వస్తే దాదాపు లక్షా 47 వేల మంది. అసలు ర్యాంకు రెండు సెషన్ల ఉత్తమ స్కోర్లను కలిపాకే తేలుతుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే. అయినా మన స్థాయి ఏమిటో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

ఎన్‌టీఏ స్కోర్‌ను ఏడు దశాంశ స్థానాల దాకా ఇవ్వడానికి కారణం కూడా ఇదే. రెండు దశాంశాల దగ్గర ఆపేస్తే సుమారు 150 మందికి ఒకే అంకె వస్తుంది.

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. పర్సంటైల్ నిచ్చెనలో మెట్ల మధ్య దూరం సమానంగా ఉండదు. ఎక్కువమంది గుమిగూడే మార్కుల దగ్గర పది మార్కులు పెరిగితే పర్సంటైల్ గబగబా పైకి వెళ్తుంది. పై కొసన అవే పది మార్కులు పెరిగినా దశాంశాలే కదులుతాయి. కాబట్టి '70 నుంచి 80కి వచ్చాడు, ఇంకో ఆరు నెలలు చదివితే 90, ఆపై ఆరు నెలలకు 100' అని ఎవరైనా చెబితే, ఆ లెక్క నిలవదు.

కటాఫ్ పెరిగితే పేపర్ సులువైనట్టా?

జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కేటగిరీ కటాఫ్ 2023లో 90.7788642. 2024లో అది 93.2362181కి పెరిగింది. 2025లో 93.1023262. 'పేపర్ ఈజీగా వచ్చింది, అందుకే కటాఫ్ పెరిగింది' అన్న మాట అప్పట్లో బాగా వినిపించింది.

కానీ పర్సంటైల్ కటాఫ్‌కు పేపర్ సులువా, కష్టమా అన్నదానితో నేరుగా సంబంధం లేదు. పేపర్ ఎలా ఉన్నా 93 పర్సంటైల్ పైన ఉండేది దాదాపు ఏడు శాతం మందే.

మరి ఏం మారింది? పరీక్ష రాసినవాళ్ల సంఖ్య. అడ్వాన్స్‌డ్‌కు అన్ని కేటగిరీలూ కలిపి సుమారు 2.5 లక్షల మందిని ఎంపిక చేస్తారు. అందులో జనరల్ కటాఫ్ మొదటి లక్ష మంది దగ్గర పడుతుంది. 2023లో మెయిన్ రాసినవాళ్లు 11.13 లక్షలు. అందులో లక్ష అంటే దాదాపు 9 శాతం, కాబట్టి కటాఫ్ 91 దగ్గర పడింది. 2024లో రాసినవాళ్లు 14.15 లక్షలకు పెరిగారు. అందులో లక్ష అంటే ఏడు శాతమే. కటాఫ్ 93 దగ్గరికి వెళ్లింది. తలుపు వెడల్పు మారలేదు, బయట క్యూ పెరిగింది.

ఇప్పుడు మొదట్లో చూసిన 91.4ను గుర్తు చేసుకోండి. అదే స్కోర్ 2023లో వచ్చి ఉంటే జనరల్ కేటగిరీ విద్యార్థి కూడా అడ్వాన్స్‌డ్ రాసేది. 2024లో, 2025లో అయితే రాయలేదు. ఆ అమ్మాయి చదువు తగ్గలేదు. నిరుడు ఫలానా పర్సంటైల్‌కు ఫలానా కాలేజీ వచ్చిందన్న లెక్కను ఈ ఏడాదికి అలాగే అన్వయించకూడదని చెప్పేది ఇందుకే. కాలేజీ సీటుకు ర్యాంకు చూడండి. పాత పర్సంటైళ్లను పోల్చేటప్పుడు ఆ ఏడాది ఎంతమంది రాశారో కూడా చూడండి.

రిజర్వేషన్ కటాఫ్‌ల విషయంలోనూ ఒక అపోహ ఉంది. 2025లో ఎస్సీ కటాఫ్ 61.15, ఎస్టీ కటాఫ్ 47.90. ఇవి ఆయా వర్గాల విద్యార్థుల మధ్య లెక్కించిన పర్సంటైళ్లు కావు. పర్సంటైల్‌ను షిఫ్టులో రాసినవాళ్లందరితో పోల్చే లెక్కిస్తారు. ఆ ఉమ్మడి కొలత మీదే ఒక్కో కేటగిరీకి గీత వేరుగా పడుతుంది.

నీట్‌లో 50 పర్సంటైల్ అంటే?

వరసను సరిగ్గా సగానికి కోసే చోటును పదో తరగతి పుస్తకం 'మధ్యగతం' అంటుంది. 50 పర్సంటైల్ అంటే అదే. నీట్ యూజీలో జనరల్ విద్యార్థి అర్హత సాధించాలంటే 50 పర్సంటైల్ దాటాలి. దానికి తగిన మార్కులు 720కి 2023లో 137, 2024లో 162, 2025లో 144.

2025లో పేపర్ కఠినంగా వచ్చింది. టాపర్ మార్కులే 686. అందరూ కిందికి జారారు, వాళ్లతో పాటు మధ్య గీత కూడా జారింది. రాసిన 22 లక్షల మందిలో 144 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్లు 11 లక్షల పైచిలుకు. అంటే సగం మందే. అందుకే 'నీట్ క్వాలిఫై అయ్యాడు' అన్న మాటకు, 'ఎంబీబీఎస్ సీటు వస్తుంది' అన్న మాటకు మధ్య చాలా దూరం ఉంటుంది.

2023 సెప్టెంబరులో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ 'సున్నా పర్సంటైల్'కు తగ్గించినప్పుడు గందరగోళం మరింత పెరిగింది. సున్నా మార్కులు వచ్చినా స్పెషలిస్టు డాక్టర్ అయిపోతారా అని సోషల్ మీడియాలో ప్రశ్నలు వచ్చాయి. సున్నా పర్సంటైల్‌కు, సున్నా మార్కులకు సంబంధం లేదు. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ కౌన్సెలింగ్‌కు అర్హులే అని దాని అర్థం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ చర్చ చేయాలన్నా ముందు ఈ తేడా తెలియాలి.

ఒకే నిబంధనలో శాతం, పర్సంటైల్ రెండూ ఉంటే?

ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు ఉండాలి, లేదా మీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 బదులు 65 శాతం. ఇక్కడ రెండు కొలతలనూ పక్కపక్కనే పెట్టారు.

దీని వెనుక ఉద్దేశం తేలికైనదే. మార్కులు ధారాళంగా పడే బోర్డులో 75 శాతం దాటడం తేలిక, టాప్ 20లో ఉండటం కష్టం. దిద్దడంలో కఠినంగా ఉండే బోర్డులో పరిస్థితి తలకిందులు. అక్కడ 72 శాతం వచ్చిన విద్యార్థి కూడా మొదటి ఐదో వంతులో ఉండొచ్చు. కాబట్టి 75కు ఒకటి రెండు శాతం తగ్గిందని ఆశ వదులుకోకుండా, మీ బోర్డు ఆ ఏడాది టాప్ 20 పర్సంటైల్ మార్కు ఎంతని ప్రకటించిందో చూసుకోవాలి.

షిఫ్టులు వేరైతే న్యాయం ఎలా?

లక్షల మందికి కంప్యూటర్లు ఒకేసారి సమకూర్చలేక పరీక్షను రోజుల తరబడి, షిఫ్టులుగా పెడతారు. ఒక్కో షిఫ్టుకు ఒక్కో పేపర్. సోమవారం ఉదయం పేపర్ కష్టంగా, మంగళవారం మధ్యాహ్నం పేపర్ తేలిగ్గా రావచ్చు. అప్పుడు మార్కులను నేరుగా పోల్చితే అన్యాయం. అందుకే నార్మలైజేషన్.

జేఈఈ మెయిన్ మార్కులను పక్కన పెట్టి, షిఫ్టులో మీ స్థానాన్నే స్కోర్‌గా తీసుకుంటుంది. తెలంగాణ ఈఏపీసెట్ దారి వేరు. అక్కడ ప్రతి షిఫ్టుకు రెండు గుర్తులు పెడతారు. ఒకటి, ఆ షిఫ్టు సగటుకు ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్) కలిపిన అంకె. రెండోది, ఆ షిఫ్టులో పైనున్న 0.1 శాతం మంది సగటు. అన్ని షిఫ్టులనూ కలిపి ఇలాంటివే మరో రెండు గుర్తులు పెడతారు. మార్కులు సగటు చుట్టూ దగ్గరగా ఉన్నాయా, దూరదూరంగా చెదిరి ఉన్నాయా అని చెప్పేదే ప్రామాణిక విచలనం.

ఒక ఊహా ఉదాహరణ చూడండి. మీ షిఫ్టులో ఆ రెండు గుర్తులు 60, 120. మీ మార్కులు 160కి 90. అంటే మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు. అన్ని షిఫ్టుల ఉమ్మడి గుర్తులు 64, 128 అనుకుంటే, వాటి మధ్యనున్న 96 మీ సవరించిన మార్కు అవుతుంది. మీ షిఫ్టు కష్టమైనది కాబట్టి ఆరు మార్కులు పెరిగాయి. తేలికైన షిఫ్టు అయితే తగ్గుతాయి. 'కీ చూసుకుంటే 90 వచ్చాయి, రిజల్ట్‌లో 86 ఎందుకు?' అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

అయితే ఈ పద్ధతులన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి. ప్రతి షిఫ్టులోనూ బాగా చదివినవాళ్లు, ఓ మోస్తరుగా చదివినవాళ్లు దాదాపు ఒకే పాళ్లలో ఉంటారన్నదే ఆ నమ్మకం. ఒక్కో షిఫ్టులో లక్షకు అటూఇటూగా మంది ఉండి, ఎవరు ఏ షిఫ్టులో పడాలన్నది లాటరీలా తేలితే ఇది చాలావరకు నిజమవుతుంది. షిఫ్టులో మంది తక్కువైనా, జిల్లాల వారీగానో సబ్జెక్టుల వారీగానో విడదీసినా ఆ నమ్మకం సడలుతుంది.

అందుకే నార్మలైజేషన్ మీద వివాదాలు ఆగడం లేదు. 2024 నవంబరులో ప్రయాగ్‌రాజ్‌లో ఉత్తర్‌ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఎదుట అభ్యర్థులు ఆందోళనకు దిగాక, పీసీఎస్ ప్రిలిమ్స్‌ను ఒకే రోజు నిర్వహించేందుకు కమిషన్ ఒప్పుకుంది. నీట్ పీజీని 2024లో రెండు షిఫ్టుల్లో పెట్టారు. 2025 మే 30న సుప్రీంకోర్టు, ఏ రెండు ప్రశ్నపత్రాలూ కచ్చితంగా ఒకే స్థాయిలో ఉండవని చెబుతూ, ఆ ఏడాది పరీక్షను ఒకే షిఫ్టులో పెట్టాలని ఆదేశించింది. ఆగస్టు 3న అలాగే జరిగింది. నార్మలైజేషన్ తప్పనిసరి పరిస్థితుల్లో వాడాల్సిన సర్దుబాటు. వీలున్న చోట దాని అవసరం రాకుండా చూడటమే మేలు.

అంగన్‌వాడీ చార్టులో పోలిక ఎవరితో?

ఇంతవరకు చూసిన లెక్కలన్నింటిలో మిమ్మల్ని పోల్చింది మీతో పాటు పరీక్ష రాసినవాళ్లతో. పిల్లల ఎదుగుదల చార్టులో పోలిక వేరే రకం.

అంగన్‌వాడీలో టీచర్ మీ బాబును తూకం వేసి, చార్టులో చుక్క పెడతారు. ఆ గీతలు మీ వీధి పిల్లల సగటును బట్టి గీసినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా ఆరు దేశాల్లో, తల్లిపాలు, సరైన పోషణ, ఆరోగ్యకరమైన వాతావరణం ఉన్న పిల్లలను పరిశీలించి 2006లో విడుదల చేసిన ప్రమాణాలు అవి. పోలిక పక్కింటి బిడ్డతో కాదు, సరిగ్గా ఎదిగే బిడ్డతో.

ఆ ప్రమాణం ప్రకారం ఏడాది నిండిన మగపిల్లవాడి మధ్యగత బరువు 9.6 కిలోలు. అదే వయసు ఆడపిల్లకు 8.9. మగపిల్లవాడు 7.7 కిలోల కంటే తక్కువ ఉంటే వయసుకు తగ్గ బరువు లేనట్టు, 6.9 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన లోపం. ఈ గీతలనే మైనస్ 2, మైనస్ 3 అంటారు. మధ్యగతం నుంచి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉన్నారో చెప్పే ఈ అంకె పేరు జెడ్ స్కోర్.

బాబు 8.2 కిలోలు ఉంటే సగటు కంటే తక్కువే. కానీ ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ సగం మంది మధ్య గీతకు కిందే ఉంటారు. చూడాల్సింది చుక్కల వరసను. నెలనెలా గీత పైకి వెళ్తుంటే నిశ్చింతగా ఉండొచ్చు. రెండు మూడు నెలలుగా గీత అడ్డంగా సాగుతున్నా, కిందికి వంగినా, రంగు ఇంకా ఆకుపచ్చే కదా అనుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఆరోగ్యవంతమైన పిల్లల్లో మైనస్ 2 గీత కింద ఉండేది నూటికి ఇద్దరు ముగ్గురే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో తక్కువ బరువున్నవాళ్లు దేశంలో 32.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.6 శాతం, తెలంగాణలో 31.8 శాతం. మన పిల్లలను మన పిల్లలతోనే పోల్చి పర్సంటైల్ ఇచ్చి ఉంటే ఈ లోటు ఎప్పటికీ కనబడేది కాదు. ఎందుకంటే అలాంటి లెక్కలో అడుగున ఉండేది ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురు.

అంకె కనబడగానే వేసుకోవాల్సిన ప్రశ్నలు

- ఇది శాతమా, పర్సంటైలా, ర్యాంకా, సవరించిన మార్కా?
- పోలిక ఎవరితో? నా షిఫ్టుతోనా, అందరితోనా, ఒక స్థిరమైన ప్రమాణంతోనా?
- మొత్తం ఎంతమంది? నిరుటి కంటే పెరిగారా, తగ్గారా?
- నేను తీసుకోబోయే నిర్ణయానికి ఈ అంకె చాలా, లేక ర్యాంకు కోసం ఆగాలా?
- '99 పర్సంటైల్ పైన ఇంతమంది' అనే ప్రకటన చూస్తే, ఆ కాలేజీ నుంచి మొత్తం ఎంతమంది రాశారో చెప్పారా?

91.4 వచ్చిన అమ్మాయి విషయానికి వద్దాం. ఆమె ప్రతి వంద మందిలో 91 మందితో సమానంగానో, వాళ్ల కంటే మెరుగ్గానో రాసింది. 2025 లెక్కలో అది లక్షా పాతిక వేల ర్యాంకుకు దగ్గర. ఆ ర్యాంకుతో ఏ తలుపులు తెరుచుకుంటాయో, ఏప్రిల్ సెషన్ మిగిలి ఉంటే దానికి ఎలా సిద్ధపడాలో ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు. రెండింట్లో మెరుగైన స్కోర్‌నే తీసుకుంటారు కాబట్టి మళ్లీ రాస్తే పోయేదేమీ లేదు. బాబాయ్ చెప్పిన శభాష్‌లో తప్పు లేదు, ఆయన చదివిన అంకె ఒక్కటే తప్పు.